‘ఐక్యరాజ్యసమితి’కి విగ్రహవాక్యం ఏది?

ప్రశ్న: రాజ్యాల ఐక్యత కోసం ఏర్పడిన సమితి అనాలా, ఐక్యమైన రాజ్యాల సమితి అనాలా? దానికి ముందున్న నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) పేరులో ఈ ‘ఐక్యం’ లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: రెండోదే సరైనదండీ. సమితి పుట్టకముందే ‘ఐక్యరాజ్యాలు’ ఉన్నాయి. అది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్‌ల పక్షం మీద పోరాడిన యుద్ధ కూటమి. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక చర్చిల్ వాషింగ్టన్ వెళ్లి వైట్‌హౌస్‌లోనే బస చేశాడు. అక్కడ తయారైన ఉమ్మడి ప్రకటన చిత్తుప్రతిలో కూటమిని ‘అసోసియేటెడ్ పవర్స్’ అని రాసుకున్నారు. ఆ మాట తీసేసి ‘యునైటెడ్ నేషన్స్’ అని పెట్టింది రూజ్‌వెల్ట్. చర్చిల్ వెంటనే బైరన్ కవితాపంక్తి ఒకటి చూపించాడు. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం గురించిన పంక్తి అది: ఐక్యమైన జాతులు కత్తి దూసిన చోటు ఇదేనని. పేరు వెనకాల కత్తి ఉందన్నమాట!

1942 జనవరి 1న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, చైనా సంతకాలు చేశాయి. మర్నాడు మరో 22 దేశాలు చేశాయి. వాళ్లు ఇచ్చిన మాటలు ముఖ్యంగా రెండు: ఉన్న శక్తినంతా యుద్ధానికి వినియోగిస్తాం, శత్రువుతో ఎవరికి వారు విడిగా సంధి చేసుకోం.

ఇంకొకరు: ఆ 26లో ఇండియా కూడా ఉందా గురువుగారూ? అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు కదా.

జవాబు: ఉందండీ. ఇండియా తరఫున గిరిజాశంకర్ బాజ్‌పాయ్ సంతకం చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఇక్కడ క్విట్ ఇండియా మొదలైంది. స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామని చెప్పుకున్న ప్రకటనలో, స్వేచ్ఛ లేని దేశం చేత సంతకం పెట్టించారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మరొకరు: పుట్టుక ఏదైనా ఇప్పుడు ‘ఐక్య’ అంటే శాంతి, సఖ్యత అనే అర్థమే స్థిరపడింది. మొదటి విగ్రహవాక్యమూ చెల్లుతుందని నా అభిప్రాయం.

జవాబు: వాడుక మీరన్నట్టే ఉంది, కాదనను. కానీ అసలు పత్రం చూడండి. 1945 ఏప్రిల్‌లో సమితి ఏర్పాటు కోసం జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో సభకు పిలుపు రావాలంటే మార్చి 1లోగా జర్మనీ మీదో జపాన్ మీదో యుద్ధం ప్రకటించి ఉండాలని, రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కలుసుకున్న యాల్టా సమావేశంలో తేల్చారు. టర్కీ ఫిబ్రవరిలో హడావిడిగా ప్రకటించింది అందుకే. ఆ సభలో ఆమోదించిన చార్టర్ (సమితి మూల నియమావళి) 53వ అధికరణంలో ‘శత్రు రాజ్యం’ అన్న మాటకు నిర్వచనమే ఉంది. తొలగిస్తామని 2005లో సభ్య దేశాలు తీర్మానించుకున్నా అది ఇంకా అక్కడే ఉంది. జపాన్‌కు సభ్యత్వం 1956 దాకా రాలేదు.

మన ప్రాంతపు ముచ్చట ఒకటి: జూన్ 26న ఆ చార్టర్ మీద ఇండియా తరఫున సంతకం చేసినవారిలో ఒకరైన ఆర్కాటు రామస్వామి ముదలియార్ పుట్టింది కర్నూలులో. సమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షుడూ ఆయనే.