ఒకే నురగ అన్ని రేజర్లకూ సరిపోతుందా?

బరంపురం సభ్యుడు:
ఇరవై ఏళ్లుగా ట్యూబు క్రీమును బ్రష్షుతో మీగడలా చిక్కగా చేసుకొని, రెండంచుల బ్లేడు రేజరుతో గడ్డం గీసుకుంటున్నాను. మా అబ్బాయి మూడు బ్లేడ్ల రేజరు కొనిచ్చాక, అదే నురగతో నాలుగు గీతలు గీసేసరికి బ్లేడ్ల సందులు పూడుకుపోతున్నాయి. నా ఉద్దేశంలో లోపం రేజరుదే.

పర్లాకిమిడి సభ్యుడు:
క్షమించాలి, నేను ఒప్పుకోలేను. మీ పాత రేజరులాగే, జిల్లెట్ 1904లో పేటెంటు పొందిన రేజరులో ఉన్నది ఒక్క బ్లేడు. దాని అంచు కింద సందు విశాలంగా ఉంటుంది కాబట్టి, చిక్కటి నురగ వెంట్రుకలతో సహా జారిపోతుంది. 1998లో వచ్చిన మూడు బ్లేడ్ల రేజరు మాక్ త్రీ వంటివాటిలో బ్లేడ్లు ఒకదాని వెనుక ఒకటి ఇరుకుగా ఉండడం వల్ల, గట్టి నురగ వాటి మధ్య ఇరుక్కొని కుళాయి కింద పెట్టినా ఓ పట్టాన వదలదు. అక్కడ కావలసింది పెరుగులా జారే, మెరిసే నురగ. బ్రష్షు కొసను నీటిలో ముంచి, బుగ్గ మీదే మరి కొన్ని తిప్పులు తిప్పి చూడండి. మంగలికత్తికి మాత్రం మీ మీగడే సరైనది. ఆ పని నిదానంగా సాగుతుంది, నురగ అంతసేపూ ఆరకుండా నిలవాలి.

రాయగడ సభ్యుడు:
డబ్బా ఫోము వాడితే ఈ లెక్కలేవీ అక్కరలేదు కదా?

పర్లాకిమిడి సభ్యుడు:
మూడు బ్లేడ్లకు ఫోము ఇబ్బంది పెట్టదు, కడిగితే సులువుగా పోతుంది. కానీ అందులో గాలే ఎక్కువ. వెంట్రుకను మెత్తబరిచేది నీరు కాబట్టి, ఫోము రాసే ముందు రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో గడ్డం తడపక తప్పదు. ఇంకొక మాట, నీటిని కూడా చూసుకోవాలి. మా ఇంటి బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ కావడంతో షేవింగు సబ్బు తెట్టు కట్టి, గిన్నె అంచున తెల్లటి చారగా మిగిలేది. ఆ నురగతో గీసుకొని మెడంతా మంట తెచ్చుకున్నాను. వాననీరు పట్టి వాడిన రోజున అదే సబ్బు, అదే బ్రష్షు, నురగ చివరిదాకా విరగలేదు.

బరంపురం సభ్యుడు:
ఈ ఉదయం మీరు చెప్పినట్టే నీరు కలిపి చూశాను. సందులు పూడలేదు, ఆ మేరకు నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయితే పలుచని నురగలో ఎక్కడ గీశానో, ఎక్కడ మిగిలిందో తెలియక గడ్డం కింద రెండుసార్లు గీయవలసి వచ్చింది. ఈ ఇబ్బంది నా పాత రేజరుతో ఎన్నడూ లేదు.