జావా వెబ్ యాప్‌లో బెల్ మోగట్లేదు, అర్జెంట్

టోకెన్_టెన్షన్:
సాయంత్రం నుంచి దీని మీదే కూర్చున్నా, తల ప్రాణం తోకకొస్తోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్‌కి టోకెన్ స్క్రీన్ చేస్తున్నా. నంబర్ మారగానే టింగ్‌మని బెల్ మోగాలి, అంతే. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా మోగుతోంది. క్లినిక్ టీవీలో నంబర్ మారుతోంది గానీ సౌండ్ రాదు. అదే టీవీలో యూట్యూబ్ పాటలు మాత్రం వాకిట్లోకి వినిపిస్తున్నాయి. రేపు పొద్దున డెమో. ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

ఒక్కముక్క:
కోడ్ పెట్టండి.

పాత_జావా_మాస్టారు:
ముందు ఫైల్ ఏంటో చెప్పు నాయనా. ఎంపీ3 అయితే జావా సౌండ్ దాన్ని సొంతంగా చదవలేదు, వేవ్ ఫైల్ కావాలి. అమీర్‌పేటలో మేం నేర్చుకున్న రోజుల్లో యాప్లెట్‌లో, అంటే బ్రౌజర్‌లోనే నడిచే చిన్న జావా ప్రోగ్రామ్‌లో, ఒక్క లైను రాస్తే బెల్ మోగేది. 2015లో క్రోమ్ వాటిని నడిపే ప్లగిన్లు తీసేసింది, 2017లో జావా 9 యాప్లెట్‌నే వద్దంది. అప్పట్నుంచే ఈ తిప్పలన్నీ.

ఒక్కముక్క:
యాప్లెట్ సంగతి ఎవరడిగారు?

టోకెన్_టెన్షన్:
వేవ్ ఫైలే సార్. ల్యాప్‌టాప్‌లో మోగుతోందని చెప్పా కదా. కోడ్ మామూలే, కంట్రోలర్‌లో, అదే బ్రౌజర్ రిక్వెస్ట్‌లు అందుకునే జావా క్లాస్‌లో, సౌండ్ క్లిప్ ఓపెన్ చేసి స్టార్ట్ అంటున్నా.

మియాపూర్_బ్యాచ్:
కంట్రోలర్‌లోనా? ఆగు బ్రో. యాప్ ఎక్కడ నడుస్తోంది, క్లినిక్‌లోనా, బయటా?

టోకెన్_టెన్షన్:
క్లౌడ్‌లో, లైనక్స్ మెషీన్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్. అందరూ అక్కడే పెడతారుగా.

మియాపూర్_బ్యాచ్:
ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది. కంట్రోలర్‌లో రాసిన కోడ్ సర్వర్‌లో నడుస్తుంది, సౌండూ అక్కడే మోగుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో సర్వర్, బ్రౌజర్ రెండూ ఒకే మెషీన్ కాబట్టి నీకు వినపడింది. ఇక్కడ మన ఇంట్లో కాలింగ్ బెల్ నొక్కి పక్కింటాయన తలుపు తీయలేదంటే ఎలా? పైగా క్లౌడ్ మెషీన్‌కి మామూలుగా సౌండ్ కార్డే ఉండదు, క్లిప్ అడిగితే ఎక్సెప్షన్ వస్తుంది. లాగ్‌లో కనపడట్లేదంటే ఎర్రర్‌ని పట్టుకునే నీ క్యాచ్ బ్లాక్ ఖాళీగా ఉన్నట్టే.
ఆ జావా కోడ్ తీసెయ్. ఫైల్‌ని రిసోర్సెస్ కింద స్టాటిక్ ఫోల్డర్‌లో పడెయ్. పేజీలో ఆడియో ట్యాగ్ పెట్టి, నంబర్ మారినప్పుడు జావాస్క్రిప్ట్ నుంచి ప్లే ఫంక్షన్ పిలువు.

పాత_జావా_మాస్టారు:
సర్వర్ అంటే ఏది? యాప్‌ని నడిపే టామ్‌క్యాట్ సాఫ్ట్‌వేరా, మెషీనా? టామ్‌క్యాట్‌ని సర్వ్‌లెట్ కంటెయినర్ అనాలి. మీరంతా రెండూ కలిపేస్తారు.

మియాపూర్_బ్యాచ్:
మాస్టారూ, రెండింట్లో దేనికీ స్పీకర్ లేదు.

పాత_జావా_మాస్టారు:
అయినా పేరు పేరే.

టోకెన్_టెన్షన్:
మార్చా. ఇప్పుడూ రావట్లేదు. కన్సోల్‌లో ఎర్రగా నాట్ అలౌడ్ ఎర్రర్ అంటోంది. పర్మిషన్లన్నీ ఇచ్చా, ఫైల్ బ్రౌజర్‌లో విడిగా తెరిస్తే మోగుతోంది.

ఒక్కముక్క:
పేజీ మీద ఒకసారి క్లిక్ చేయండి.

మియాపూర్_బ్యాచ్:
ఫైల్ పర్మిషన్ కాదు అది. 2018లో క్రోమ్ 66 వచ్చినప్పట్నుంచి ఎవరూ ముట్టుకోని పేజీని తనంతట తాను సౌండ్ చేయనివ్వట్లేదు. పేజీలో స్టార్ట్ బటన్ పెట్టు, పొద్దున రిసెప్షన్‌లో వాళ్లు ఒకసారి నొక్కితే చాలు. కాకపోతే నంబర్ కోసం పేజీ మొత్తం రీఫ్రెష్ చేయకు, కథ మళ్లీ మొదటికి రావచ్చు. నంబర్ ఒక్కటే వెనకాల నుంచి తెచ్చుకో.

టోకెన్_టెన్షన్:
మోగింది. థాంక్స్ బ్రో.

పాత_జావా_మాస్టారు:
ఇప్పుడు మోగించేది బ్రౌజర్ కాబట్టి ఎంపీ3 పెట్టుకోవచ్చు నాయనా. వేవ్ సైజు ఎక్కువ.

ఒక్కముక్క:
ఒక్క సెకను బెల్‌కి?

ఉప్పల్_ఫ్రెషర్:
నాదీ ఇలాంటి సమస్యే, కాకపోతే క్రోమ్‌లో వస్తోంది, ఐఫోన్‌లో రావట్లేదు. క్లిక్ చేసినా అంతే. ఫైల్‌ని నా సర్వ్‌లెట్ నుంచే, అంటే సర్వర్‌లో నేను రాసిన జావా కోడ్ నుంచే, పంపుతున్నా.

ఒక్కముక్క:
రేంజ్ రిక్వెస్ట్. ఐఫోన్ ఫైల్‌ని ముక్కలుగా అడుగుతుంది. జవాబు కోడ్ 200 (మొత్తం ఫైల్) కాదు, 206 (అడిగిన ముక్క) ఇవ్వాలి.

ఉప్పల్_ఫ్రెషర్:
అంటే ఏం చేయాలి సార్?