మోంటెరోసో నుంచి వెర్నాజ్జా దాకా అమ్మతో నడవగలమా?

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి వారంలో అమ్మని ఇటలీలోని చింక్వె తెర్రెకి తీసుకెళ్తున్నాను. సముద్రం పక్కన కొండవాలు మీద అయిదు ఊళ్లు, వాటిని కలుపుతూ కాలిబాట. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ అమ్మ ఒకటే మాట, "రైల్లో కాదు, నడిచే వెళ్దాం" అని.

అమ్మకి 63 ఏళ్లు. రోజూ గంటసేపు హాయిగా నడుస్తుంది. చిక్కల్లా మెట్లు దిగడంతోనే. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, దిగేటప్పుడు మాత్రం కుడి మోకాలు పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంది.

ఆ అయిదు ఊళ్లలో మోంటెరోసో, వెర్నాజ్జాల మధ్య దూరం సుమారు మూడున్నర కిలోమీటర్లే అయినా రెండు గంటలు పడుతుందంటున్నారు. అంటే మెట్లు చాలానే ఉన్నట్టు. ఎటు నుంచి మొదలుపెడితే దిగుడు తక్కువ? మధ్యలో కూర్చోడానికి నీడ దొరుకుతుందా? వాన పడిన మర్నాడు రాళ్లు బాగా జారతాయా?

2012లో రాళ్లు పడి మూసేసి, 2024లో మళ్లీ తెరిచిన వియా దెల్లామోరే అనే అక్కడి మరో కాలిబాట చదునుగా ఉంటుందట. కానీ అది కిలోమీటరు కూడా లేదు, అమ్మకి అంతతో ఆశ తీరదు.

పెద్దవాళ్లతో నడిచొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.