కొత్త బందులు, గొళ్ళెం పాతవాటిలా కనిపించాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది కోనసీమలో తాతల నాటి మండువా ఇల్లు. వీధి తలుపు టేకుది, చెక్క బాగానే ఉంది. బందులు మాత్రం తుప్పు తినేసి విరిగాయి, గొళ్ళెం కూడా పోయింది. కొత్తవి తెచ్చి బిగిస్తే పెళ్ళిలో పెట్టిన వెండి సామానులా తళతళలాడుతున్నాయి. బ్రౌన్ పెయింట్ వేసి చూశాం, ఇంకా అన్యాయంగా ఉంది. ఉప్పునీళ్ళలో నానబెడితే తెల్లటి పొడి వచ్చింది తప్ప తుప్పు రాలేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

జవాబు: ఆ తెల్లపొడి జింకుదండీ. ఇనుము తుప్పు పట్టకుండా పైన జింకు పూత వేసి అమ్ముతారు. అది ఉన్నంతవరకు ఉప్పునీళ్ళు ఏమీ చేయలేవు. ముందు పూత తీసేయాలి.

ప్లాస్టిక్ టబ్బులో తెల్ల వెనిగర్ పోసి, బందులు మునిగేలా రాత్రంతా ఉంచండి. బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే పెట్టండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. బుడగలు ఆగి, మెరుపు పోయి లోహం మసక బూడిద రంగుకి వస్తే పూత పోయినట్టు. వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. పూత మందంగా ఉంటే ఒక్క రాత్రి చాలదు. తొందరపడి పొయ్యి మీద కాల్చవద్దు, జింకు పొగ పీలిస్తే చలిజ్వరం లాంటిది వస్తుంది.

తర్వాత తుప్పు మందు. 3% హైడ్రోజన్ పెరాక్సైడ్ అర లీటరు, వెనిగర్ 60 మిల్లీలీటర్లు, ఉప్పు ఒకటిన్నర టీస్పూను. మెడికల్ షాపులో దొరికిన సీసా మీద 6% అని ఉంటే అంతే కొలత నీళ్ళు కలపండి. ఎండలో వేడెక్కిన లోహం మీద స్ప్రే చేస్తే నిమిషాల్లో రంగు తిరుగుతుంది. ఆరాక మళ్ళీ కొట్టండి. కలిపిన మందు మూత బిగించి దాచవద్దు, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. వెనిగర్ బదులు బాత్రూమ్ యాసిడ్ వాడొచ్చా? త్వరగా అయిపోతుందని మా బావగారు అంటున్నారు.

మరొకరి జవాబు: త్వరగానే అవుతుంది, కానీ ఆ ఆవిరికి చుట్టుపక్కల ఉన్న ఇనప సామానంతా తుప్పు పడుతుంది. దగ్గర్లో బ్లీచింగ్ పౌడర్ ఉంటే ఇంకా ప్రమాదం, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. నాలుగు బందులకి అంత టెన్షన్ ఎందుకండీ?

అసలు విషయం వేరే ఉంది. పైన చెప్పిన మందుతో వచ్చేది నారింజ రంగు తుప్పు. మీ ఇంట్లో మిగిలిన పాత గడియ ఒకసారి చూడండి. నల్లటి గోధుమ రంగులో ఉంటుంది, చెయ్యి తగిలేచోట నునుపుగా నిగనిగలాడుతుంది. నారింజ రంగు అలాగే వదిలేస్తే పాతదిలా ఉండదు, వానలో వదిలేసిన కొత్తదిలా ఉంటుంది.

దానికి కరక్కాయ ఉంది. గింజ తీసి, రెండు గుప్పెళ్ళ పెచ్చులు దంచి, లీటరు నీళ్ళలో మరిగించి వడగట్టండి. ఇనప గిన్నె వద్దు, స్టీలుది వాడండి. వదులు తుప్పు వైర్ బ్రష్‌తో రాల్చేసి ఈ కషాయం కుంచెతో పూస్తే, చూస్తుండగానే నారింజ రంగు నీలి నలుపులోకి తిరుగుతుంది. శ్రీకాళహస్తి, పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనప నీళ్ళతో గీసిన లేదా అచ్చు వేసిన గీత నల్లబడేది కూడా ఈ పద్ధతిలోనే. కరక్కాయ దొరక్కపోతే చిక్కటి టీ డికాక్షన్, రంగు కాస్త తక్కువ వస్తుంది. ఆరాక చెయ్యి తగిలేచోట్ల మాత్రం స్టీల్ ఊల్‌తో రుద్దండి. అంతటా ఒకే రంగు ఉంటే నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకొకరు: బందు లోపలి పిన్నుకి ముందే గ్రీజు పట్టించండి, అక్కడ తుప్పు పడితే తలుపు మూలుగుతుంది. బరువు మోసే హైటెన్సైల్ (బాగా గట్టి ఉక్కు) బోల్టులు, స్ప్రింగులు యాసిడ్‌లో వేయకండి, పెళుసుబారి విరగొచ్చు. షాపులో పాలిష్ లేని ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) బందులు అడిగితే పూత తీసే పనే ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలైతే ఈ చిట్కాలేవీ పనిచేయవు. అయస్కాంతం అంటుకుంది కదా అని నమ్మకండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్‌కి కూడా అంటుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: చివరగా ఒక్కటి. వీధి తలుపు కదా, వానజల్లు కొడుతుంది. తుప్పు ఇంకా తినెయ్యదా?

మొదటి జవాబు ఇచ్చినవారు: తింటుంది, ఆపాలి. బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక మ్యాట్ లక్కర్ రెండు పూతలు వేయండి. గ్లాసీ వేస్తే మళ్ళీ మెరుస్తుంది. లోపలి తలుపులకైతే అవిసె నూనె పల్చగా రాసి తుడిస్తే చాలు, కానీ తుడిచిన గుడ్డ ఉండచుట్టి పారేయకండి, దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళలో తడిపి, పరిచి ఆరేయండి. స్క్రూలు కూడా మార్చండి. ప్లస్ గాడి స్క్రూలు 1930లలో అమెరికాలో వచ్చినవి, మీ తలుపుకి మైనస్ గాడివే సరిపోతాయి.