తెల్లబూరుగ సరే, తేనెపిట్ట కుదురుతుందా?

క్యూబా అడవుల మీద పిల్లల పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో 60 మీటర్లు దాటి కూడా పెరగగల సైబా చెట్టునీ, 2 గ్రాములు తూగే బీ హమ్మింగ్‌బర్డ్‌నీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ప్రపంచంలో అంతకన్నా చిన్న పిట్ట లేదు. చెట్టుకి "తెల్లబూరుగ" అని రాసేశాను. పిట్టకి "తేనెపిట్ట" అని రాశాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఏమంటారు?

జవాబు: చెట్టు పేరు ఉంచేయండి. సైబాకీ ఎర్రపూల బూరుగకీ నిజంగానే చుట్టరికం ఉంది, రెండూ మందార కుటుంబమే. శాస్త్రీయ నామాల్లో తమాషా చూడండి, అది సైబా పెంటాండ్ర, ఇది బాంబాక్స్ సైబా. దాని ఇంటిపేరు దీనికి సొంతపేరయింది! పిట్ట సంగతి అలా కాదు. తేనెపిట్ట అంటే సన్‌బర్డ్. రెండూ పూలతేనె తాగుతాయన్న మాటే గానీ ఎక్కడా బంధుత్వం కలవదు, హమ్మింగ్‌బర్డ్‌లకి దగ్గర చుట్టాలు స్విఫ్ట్ పిట్టలు. పైగా హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇదేమో గాల్లో ఉన్నచోటే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. బంధువు పేరు పెట్టుకోవచ్చు, పొరుగింటివాడి పేరు పెడితే ఎలా?

మరి "గానపక్షి" అంటే?

జవాబు: వద్దండీ, అది పాటలు పాడుతుందేమో అనుకుంటారు పిల్లలు. పేరులోని "హమ్మింగ్" అనే ఆ ఝుమ్మనే చప్పుడు గొంతుది కాదు, రెక్కలది. ఈ బుల్లిపిట్ట సెకనుకి సుమారు 80 సార్లు రెక్కలాడిస్తుంది మరి. క్యూబాలో ఆ చప్పుడునే పేరు చేసుకున్నారు, అక్కడి మామూలు హమ్మింగ్‌బర్డ్ "సున్‌సున్", ఈ చిన్నది "సున్‌సున్‌సీతో". మనకి ఝుమ్మనడం ఉండనే ఉంది కదా, "ఝుమ్ముపిట్ట" అనండి.

ఇంకొకరు: ఝుమ్మంటే తుమ్మెద గుర్తొస్తుంది గురూగారూ.

జవాబు: రానివ్వండి, ఇంగ్లిష్ పేరులో తేనెటీగనే పెట్టుకున్నారు వాళ్లు!

హహ, నిజమే. అయితే మొదటిసారి వచ్చినచోట పక్కన హమ్మింగ్‌బర్డ్ అని కూడా రాసి, ఆ తర్వాత అంతా ఝుమ్ముపిట్టే వాడతాను. తేనెపిట్టని కొట్టేస్తున్నా.