అప్‌డేట్: పలుచని పాలిస్టైరీన్ పొర గాజు పరివర్తన ఉష్ణోగ్రత ఎందుకు తగ్గిందంటే

సిలికాన్ వేఫర్ మీద 20 నానోమీటర్ల పాలిస్టైరీన్ (ఒక ప్లాస్టిక్) పొర దాని మామూలు గాజు పరివర్తన ఉష్ణోగ్రత (గాజులా గట్టిగా ఉన్నది మెత్తబడే ఉష్ణోగ్రత) అయిన 100 డిగ్రీలకు బాగా కిందే మెత్తబడుతోందని, అదే మందం పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) మాత్రం మామూలు కంటే పైన చూపిస్తోందని అడిగాను కదా, తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "మందపాటి పొర కూడా కొలవండి" అన్న సలహా. పాలిస్టైరీన్ అక్కడ 100 దగ్గరే వచ్చింది, అంటే ఎలిప్సోమీటర్ (పొర మందాన్ని కాంతితో కొలిచే పరికరం) బాగానే ఉంది. పొరలో సాల్వెంట్ (ద్రావకం) మిగిలిందేమో అన్న అనుమానంతో వాక్యూమ్‌లో ఇంకాసేపు వేడిచేశాను, తేడా లేదు.

అసలు సంగతి పొర పైఅంచు, కిందిఅంచుల్లో ఉంది. పాలిస్టైరీన్‌కి వేఫర్ పైనుండే సిలికాన్ ఆక్సైడ్ మీద గట్టి పట్టు లేదు. గాలివైపు పాలిమర్ గొలుసులు (పొడవాటి అణువులు) సులువుగా కదులుతాయి, పొర పలచబడేకొద్దీ వాటిదే పైచేయి. పీఎంఎంఏ మాత్రం ఆక్సైడ్ మీది హైడ్రాక్సిల్స్‌తో (OH గుంపులతో) హైడ్రోజన్ బంధాలు వేసుకుని బిగుసుకుంటుంది. బంగారు పూత మీద వేస్తే, చిత్రంగా, పీఎంఎంఏ ఉష్ణోగ్రత కూడా తగ్గింది! కెడ్డీ, జోన్స్, కోరీ అనే పరిశోధకులు 1994లోనే ఇది చూపించారట.