క్రిప్టో లేకుండా మదుపు మొదలుపెడితే నష్టమా?

కొత్తమదుపరి:
నమస్కారం. నాకు అప్పులు లేవు. ఆరు నెలల ఖర్చులకు సరిపడే సొమ్ము ముట్టుకోకుండా పక్కన పెట్టాను. నెలనెలా ఇంకొంత మిగులుతోంది, పదిహేనేళ్ల దాకా దానితో అవసరం పడదు. షేర్లు, ఫండ్లు ఇంతవరకు కొనలేదు. ఎవరిని అడిగినా రెండే జవాబులు. మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ ఒక్కటి చాలు, క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు) వైపు కన్నెత్తి చూడవద్దని ఒక పక్షం. కనీసం ఐదు శాతం బిట్‌కాయిన్‌లో లేకపోతే పదేళ్ల తరువాత చింతిస్తావని మరో పక్షం. ఇద్దరూ ఇంత ధీమాగా ఉండటమే నాకు అనుమానం కలిగిస్తోంది. ఏ పక్షమైనా సరే, కారణాలతో రాయండి.

నిదానం:
నా జవాబు సున్నా శాతం. ఏది కొనే ముందైనా రాబడి ఎక్కడి నుంచి వస్తుందని అడగాలి. షేరు అంటే ఒక వ్యాపారంలో వాటా. ఆ వ్యాపారం లాభం సంపాదిస్తే కొంత డివిడెండుగా చేతికి వస్తుంది, మిగిలినది వ్యాపారంలోకే తిరిగి వెళ్లి దాని విలువను పెంచుతుంది. బాండు అంటే మనం ఇచ్చిన అప్పు, దానికి వడ్డీ వస్తుంది. బిట్‌కాయిన్ ఏమీ సంపాదించదు. నేను కొన్న ధర కంటే ఎక్కువ ఇచ్చే మనిషి రేపు వస్తేనే నాకు లాభం. అతను రాకపోతే? కొత్తగా మొదలుపెట్టేవారు ఈ తేడా ఒంటబట్టేదాకా క్రిప్టో జోలికి పోకపోవడమే మంచిది.

గొలుసుకట్టు:
ఇదే తర్కం బంగారానికీ వర్తిస్తుంది కదా నిదానం గారూ? బంగారం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. అయినా వేల ఏళ్లుగా జనం దాచుకుంటున్నారు, కేంద్ర బ్యాంకులే కొంటున్నాయి. కారణం కొరత. బిట్‌కాయిన్‌లో ఆ కొరతను లెక్కగట్టి మరీ పెట్టారు. మొత్తం నాణేలు 2.1 కోట్లకు మించవు. లావాదేవీలు నమోదయ్యే బ్లాకులు (ఖాతా పుస్తకంలో పేజీల్లాంటివి) 2,10,000 నిండిన ప్రతిసారీ, అంటే దాదాపు నాలుగేళ్లకోసారి, కొత్తగా పుట్టే నాణేలు సగమవుతాయి. 2009లో బ్లాకుకు 50 ఉండేవి, 2024 ఏప్రిల్ నుంచి 3.125. ఏ ప్రభుత్వమూ ఒక రాత్రిలో దీన్ని మార్చలేదు. 2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ బిట్‌కాయిన్ స్పాట్ ఈటీఎఫ్‌లను (నాణేలను తమ వద్ద ఉంచుకుని, షేరులా కొనడానికి వీలిచ్చే ఫండ్లను) అనుమతించింది కూడా. ఇంకా దీన్ని మూలనపడ్డ జూదంలా చూడటం సరికాదు.

నిదానం:
బంగారంతో పోల్చారు, బాగుంది. కొత్తవారి తొలి మదుపు బంగారమని కూడా నేను చెప్పను. ఇక కొరత మాత్రమే విలువ ఇవ్వదు. కొరతగా ఉండి ఎవరికీ అక్కరలేని వస్తువులు లోకంలో బోలెడు.

లెక్కలపక్షి:
ఇద్దరూ ధర గురించి వాదిస్తున్నారు, ఒడిదుడుకుల మాట ఎత్తలేదు. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ 20,000 డాలర్ల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 3,200 దగ్గరకు పడింది. 2021 నవంబరులో 69,000, 2022 నవంబరులో 16,000 దగ్గర. రెండో పతనం 77 శాతం. వంద పెట్టినవారికి 23 మిగిలింది. ఆ 23 మళ్లీ వంద కావాలంటే 77 శాతం పెరిగితే చాలదు, దాదాపు 335 శాతం పెరగాలి. కొత్తవారు ముందుగా అర్థం చేసుకోవలసిన లెక్క ఇది. సగం పోతే రెట్టింపు కావాలి, ముప్పావు పోతే నాలుగింతలు కావాలి.

గొలుసుకట్టు:
ఆ 16,000 నుంచి 2024 డిసెంబరుకల్లా లక్ష డాలర్లు దాటిందని కూడా రాయండి. పతనం దగ్గరే లెక్క ఆపితే ఎలా?

లెక్కలపక్షి:
రాస్తాను, దాటింది. షేర్ల వైపు అద్దం కూడా చూపిస్తాను. సాంకేతిక కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2000 మార్చి గరిష్ఠం నుంచి 2002 అక్టోబరుకు 78 శాతం పడింది, పాత స్థాయిని 2015లో గానీ అందుకోలేదు. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని 2024 ఫిబ్రవరిలో దాటింది. ముప్పై నాలుగేళ్లు! కాబట్టి ఏ ఇండెక్స్ ఫండ్ అయినా పదిహేనేళ్లకు తప్పక లాభమిస్తుందన్నది అబద్ధం. ఏ దేశం, ఏ రంగం, ఏ ధర దగ్గర కొన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఒక దేశానికి కాక ప్రపంచ మార్కెట్లకు విస్తరించిన ఫండు అందుకే మేలు.

ధనరాశి:
ఇంత చర్చ దేనికండీ, పది రెట్లు అయ్యే కాయిన్ పేరు ఒక్కటి

నిర్వాహకులు:
కాయిన్ల, షేర్ల పేర్లు సూచించడం, సూచించమని అడగడం ఈ వేదికపై కుదరదు. పై వ్యాఖ్యను కుదించాం.

పాతకాపు:
ధర గురించి మీరు ఎంతైనా వాదించుకోండి. నా దృష్టిలో కొత్తవారికి క్రిప్టోలో పెద్ద గండం ధర కాదు, భద్రపరచడం. షేర్ల బ్రోకరు దివాలా తీస్తే చాలా దేశాల్లో మీ షేర్లు మీ ఆస్తిగా విడిగా ఉంటాయి, వేరే బ్రోకరుకు మారతాయి. క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలో మీకు తెరపై కనిపించే అంకె ఆ సంస్థ మీకు ఇచ్చిన మాట, అంతే. మౌంట్ గాక్స్ ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీ. 2014 ఫిబ్రవరిలో మూతపడినప్పుడు సుమారు 8,50,000 నాణేలు గల్లంతయ్యాయి. తరువాత ఒక పాత వాలెట్‌లో (నాణేల తాళం ఉండే చోటు) రెండు లక్షలు దొరికాయి. ఖాతాదారులకు తిరిగి చెల్లింపులు మొదలవడానికి పదేళ్లు పట్టింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజీ దివాలా తీసింది. ఖాతాదారుల డబ్బు అనుబంధ సంస్థ పందేలకు మళ్లింది. దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కు 2024 మార్చిలో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ రెండు చోట్లా నాణేలు దాచుకున్నవారి ధర అంచనా సరైనదే కావచ్చు, ఏం లాభం?

సొంత వాలెట్‌లో పెట్టుకుంటే అది వేరే కథ. తాళంగా పన్నెండో ఇరవై నాలుగో పదాల వరుస మీ చేతికి ఇస్తారు. అది పోతే సొమ్ము పోయినట్లే, ఎవరి కంట పడినా పోయినట్లే. పాస్‌వర్డు మరచిపోయానని ఫోను చేయడానికి అటువైపు ఎవరూ ఉండరు. ఆ పదాలను ఫోనులో ఫొటో తీసి దాచుకునేవారిని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

గొలుసుకట్టు:
అందుకే ఈటీఎఫ్ మాట ఎత్తాను పాతకాపు గారూ. షేరులాగే కొంటారు, షేరులాగే భద్రంగా ఉంటుంది. తాళాల తలనొప్పి ఉండదు.

నిదానం:
మధ్యవర్తి అక్కరలేని డబ్బు కావాలని బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో 2008 అక్టోబరులో తొమ్మిది పేజీల పత్రం రాశారు. ఇప్పుడు ఏటా రుసుము కట్టి మరీ మధ్యవర్తిని తెచ్చుకుంటున్నాం!

గొలుసుకట్టు:
ఎత్తిపొడుపు బాగుంది గానీ, కొత్త మదుపరికి కావలసింది సిద్ధాంతశుద్ధి కాదు. షేర్లతో సంబంధం లేకుండా కదిలే ఆస్తి కొంత ఉండటం. పోర్ట్‌ఫోలియోలో, అంటే మన మొత్తం మదుపులో, రకరకాల ఆస్తులు ఉండాలన్న సూత్రానికి ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1952లోనే గణితం ఇచ్చారు.

నిదానం:
సంబంధం లేకుండా కదులుతుందా? 2020 మార్చిలో కోవిడ్ భయంతో షేర్లు కూలిన వారంలోనే బిట్‌కాయిన్ ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడింది. 2022లో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు అమెరికా పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ 500 సూచీ 19 శాతం తగ్గితే బిట్‌కాయిన్ 60 శాతానికి పైగా తగ్గింది. అవసరమైన రోజున తోడు రాని వైవిధ్యం ఎందుకు?

గొలుసుకట్టు:
భయం పుట్టిన రోజున అన్నీ కలిసే పడతాయి. 2022లో బాండ్లు కూడా పడ్డాయి కదా, వాటినీ వదిలేయమంటారా?

నిదానం:
బాండ్ల విషయం ఒప్పుకుంటున్నాను. కానీ బాండు గడువు తీరినప్పుడు అసలు తిరిగి వస్తుంది, మధ్యలో వడ్డీ వస్తూనే ఉంటుంది. ధర పడినా ఆ ఒప్పందం పోదు.

తర్కం:
ఐదు శాతం మీద ఇంత వేడి ఎందుకో లెక్క చూద్దాం. వందలో ఐదు క్రిప్టో. అది 77 శాతం పడితే మొత్తం మీద పోయేది నాలుగు లోపే. సున్నా అయితే ఐదు. అది మూడింతలై, మిగిలిన 95 అలాగే ఉంటే మొత్తం 110. జీవితాన్ని మార్చే లాభమూ కాదు, ముంచే నష్టమూ కాదు. అసలు ప్రమాదం ఆ తరువాత మొదలవుతుంది. మూడింతలైన క్రిప్టో ఇప్పుడు 110లో 15, అంటే దాదాపు 14 శాతం. ఐదు శాతానికి సిద్ధపడిన మనిషి తెలియకుండానే 14 శాతం మోస్తున్నాడు. పైగా గెలిచిన ఉత్సాహంలో ఇంకొంచెం వేయాలనిపిస్తుంది. వాటా పెరిగితే అమ్మి ఐదుకు తెస్తానని ముందే కాగితం మీద రాసుకోగలిగినవారికి ఐదు శాతం పరవాలేదు. అలా చేయలేనివారికి నిదానం గారి సున్నానే సరి.

ఒడిదుడుకులు అలవాటవడానికి కొద్దిగా క్రిప్టో కొని నేర్చుకోమనే సలహా మాత్రం నాకు మింగుడుపడదు. చిన్న మొత్తం పోతే నొప్పి ఉండదు కాబట్టి పాఠమూ ఉండదు. గెలిస్తే తెలివి వల్లే గెలిచామన్న తప్పుడు పాఠం ఒంటబడుతుంది.

ఇంకొక మాట. క్రిప్టో అంతా ఒకటే అన్నట్లు నిదానం గారు రాశారు. ఎథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరులో ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి (నాణేలు పూచీగా పెట్టినవారు లావాదేవీలను సరిచూసే పద్ధతి) మారాక, దాని నాణెం ఈథర్‌ను స్టేక్ చేసినవారికి, అంటే పూచీగా పెట్టినవారికి, ప్రతిఫలం వస్తోంది. అందులో ఎక్కువ భాగం కొత్తగా పుట్టించిన నాణేలే కాబట్టి డివిడెండ్‌తో సమానం కాదు. అయినా రాబడి బొత్తిగా లేదనడం పూర్తి నిజం కాదు.

కొత్తమదుపరి:
అందరికీ కృతజ్ఞతలు. స్టేబుల్‌కాయిన్ల గురించి ఎవరూ చెప్పలేదు. విలువ డాలరుకు కట్టుబడి ఉంటుంది, బ్యాంకు కంటే ఎన్నో రెట్లు వడ్డీ ఇస్తారంటున్నారు. అది భద్రమైన దారి కాదా?

పాతకాపు:
డాలరుకు ఎలా కట్టుబడి ఉంటుందని ముందు అడగండి. కొన్నింటి వెనుక స్వల్పకాలిక ప్రభుత్వ రుణపత్రాలు, నగదు నిల్వలు ఉంటాయి. వాటిలోనూ నిల్వలు నిజంగా ఉన్నాయా, ఎవరు తనిఖీ చేశారు అన్నది చూడాలి. కొన్నింటి వెనుక గారడీ తప్ప ఏమీ ఉండదు. టెర్రా వారి యూఎస్‌టీ అలాంటిదే. ఒక యూఎస్‌టీ ఇస్తే ఒక డాలరు విలువైన, టెర్రా వారిదే అయిన లూనా నాణేలు కొత్తగా పుట్టించి ఇస్తారు, అంతే దాని పునాది. యాంకర్ అనే వేదిక దానిపై ఏటా 20 శాతానికి దగ్గరగా వడ్డీ ఇచ్చింది. 2022 మేలో జనం ఒక్కసారిగా బయటపడబోయారు. లూనాలు కుప్పతెప్పలుగా పుట్టుకొచ్చాయి. నెల ముందు వంద డాలర్లకు పైగా పలికిన లూనా ధర కొద్ది రోజుల్లో సెంటుకు కూడా దిగువకు జారింది. ఒక యూఎస్‌టీ కూడా డాలరు విలువతో మిగలలేదు. బ్యాంకు ఇవ్వలేని వడ్డీని ఇంకొకరు ఇస్తున్నారంటే ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందో కనిపెట్టాలి. కనిపించకపోతే మీ అసలులోంచే వస్తోందని అనుకోండి.

అరువుతో ట్రేడింగ్ గురించి కూడా అడుగుతారేమో, ముందే చెబుతున్నాను. పది రెట్ల లెవరేజ్ తీసుకుంటే, అంటే అరువు కలిపి మన సొమ్ముకు పది రెట్ల పందెం కాస్తే, ధర పది శాతం ఎదురు తిరగగానే పెట్టినదంతా పోతుంది. సాధారణంగా ఇంకా ముందే లిక్విడేట్ చేసేస్తారు, అంటే బలవంతంగా అమ్మేస్తారు. బిట్‌కాయిన్‌కు పది శాతం కదలిక వింత కాదు.

లెక్కలపక్షి:
రుసుముల సంగతి కూడా చూడండి, దానికి ఏ పక్షమూ అవసరం లేదు. వంద పెట్టి ఏటా 7 శాతం చొప్పున ముప్పై ఏళ్లు ఉంచితే 761 అవుతుంది. రుసుముల కింద ఏటా ఒక శాతం పోతే 574 మాత్రమే. నాలుగో వంతు మాయం. క్రిప్టో ఐదు శాతమా సున్నానా అని తలలు బద్దలు కొట్టుకుంటున్నవారు తమ ఫండు ఖర్చు నిష్పత్తి (ఏటా ఫండు కోసుకునే రుసుము శాతం) చూసుకున్నారో లేదో!

గొలుసుకట్టు:
నిదానం గారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. ఏం జరిగితే మీ మనసు మారుతుంది? ఏం జరిగినా మారదంటే ఇది చర్చ కాదు, భక్తి.

నిదానం:
న్యాయమైన ప్రశ్న. షేర్లు గట్టిగా పడిన ఇంకో రెండు మూడు సందర్భాల్లో బిట్‌కాయిన్ నిలబడితే, వైవిధ్యం వాదనను ఒప్పుకుంటాను. మరి మీకో?

గొలుసుకట్టు:
రెండు సంగతులు. ఒకటి, 2.1 కోట్ల పరిమితిని పెంచడానికి నెట్‌వర్క్‌లో మెజారిటీ ఒప్పుకుంటే మరుసటి రోజే అమ్మేస్తాను. రెండోది నిజంగా ఆలోచింపజేసేది. కంప్యూటర్లతో కొత్త బ్లాకులు చేర్చే మైనర్లకు ఇచ్చే కొత్త నాణేలు నాలుగేళ్లకోసారి సగమైపోతున్నాయి, సుమారు 2140 నాటికి ఆగిపోతాయి. అప్పుడు నెట్‌వర్క్ భద్రత మొత్తం లావాదేవీల రుసుముల మీదే నిలవాలి. ధర పెరగక, రుసుములూ పెరగకపోతే భద్రత పలచబడుతుంది. ఇది మా పక్షంలో చాలామంది మాట్లాడటానికి ఇష్టపడని విషయం.

నిదానం:
ఇది మొదటి వ్యాఖ్యలోనే రాసి ఉంటే సగం వాదన తప్పేది.

కొత్తమదుపరి:
నేను ఇలా అనుకుంటున్నాను. మొదటి ఏడాది రుసుము తక్కువ ఉన్న ప్రపంచ ఇండెక్స్ ఫండు, కొంత బాండ్లు. క్రిప్టో సున్నా. ఆ ఏడాదిలో నకమోటో పత్రం చదువుతాను. ఆ తరువాత కొనాలనిపిస్తే ఈటీఎఫ్ ద్వారా ఐదు శాతం లోపు, తర్కం గారు చెప్పినట్లు ముందే నియమం రాసుకుని. వాటాలను తిరిగి సరిచేయడం ఏడాదికోసారి చేయాలా, శాతం దాటినప్పుడల్లా చేయాలా?

తర్కం:
రెండూ పనిచేస్తాయి. ఏడాదికోసారి అయితే రోజూ ధరలు చూసే పని తప్పుతుంది. అంత హెచ్చుతగ్గులున్న ఆస్తికి మాత్రం ఒక హద్దు కూడా పెట్టుకోండి, ఐదు శాతం వాటా ఎనిమిది దాటితే ఏడాది ఆగకుండా తగ్గించేలా. అమ్మే ముందు మీ దేశపు పన్ను నిబంధన చూడండి. నెలనెలా కొత్త సొమ్ము వస్తోంది కాబట్టి చాలాసార్లు అమ్మకుండానే, తగ్గిన వాటాలోకి ఆ సొమ్ము మళ్లించి సరిచేయవచ్చు.

పాతకాపు:
ఆ నియమం రాసిన కాగితం ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి. తన కాగితాన్ని తానే సవరించుకోవడం చాలా తేలిక.